నత్రజని తక్కువైతేనే రుచి: ఫ్వెనాన్ ఆపిల్ తోటలు చెప్పే లెక్క

ఈసారి వీడియో ఫ్రాన్స్‌లోని ఒక చిన్న ఊరి ఆపిల్ తోటల మీద చేశాను. వీడియోలో టైం సరిపోక వదిలేసినవన్నీ ఇక్కడ రాస్తున్నా. వీడియో చూడకపోయినా ఇది అర్థమవుతుంది. రసం మీద గోధుమరంగు పొర తేలే భాగం మాత్రం కళ్లతో చూస్తేనే నమ్మకం కుదురుతుంది.

ముందు ఒక మాట. సిడర్ అనగానే మనకు గుర్తొచ్చేది బరువు తగ్గడానికి పొద్దున్నే నీళ్లలో కలుపుకునే వెనిగర్ సీసా. నిజానికి వెనిగర్ ఆ కథలో చివరి మెట్టు. ఆపిల్ రసం పులిస్తే సిడర్ అవుతుంది. ఆ సిడర్ గాలి తగిలి ఇంకా పులిసిపోతే వెనిగర్ అవుతుంది. సిడర్ అంటే తేలికపాటి మద్యం, ఆల్కహాల్ 5 శాతానికి అటూఇటూ ఉంటుంది. దీన్ని తాగమనో, చేయమనో చెప్పడానికి రాయట్లేదు. లైసెన్స్ లేకుండా ఇలాంటివి తయారుచేసి అమ్మితే మన దగ్గర కేసు అవుతుంది. నన్ను పట్టుకున్నది అక్కడి తోట పద్ధతి, నత్రజని సంగతి, ఆ తర్వాత సీసా మీద పడే పేరు.

ఊరి పేరు ఫ్వెనాన్. ఫ్రెంచి స్పెల్లింగ్‌లో అక్షరాలు ఎక్కువుంటాయి, పలికేవి తక్కువ. ఫ్రాన్స్ పటంలో పడమర వైపు సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన ప్రాంతం బ్రిటనీ. దాని కొసన ఉన్న జిల్లా ఫినిస్టేర్, అంటే 'భూమి చివర' అని అర్థం. ఆ జిల్లా దక్షిణ తీరంలో, కెంపేర్ పట్నానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఈ ఊరుంది. ఈ దక్షిణ భాగాన్ని కోర్నువాయ్ అంటారు. అక్కడివాళ్ల సొంత భాష బ్రెటన్, ఫ్రెంచికి దానికి దగ్గరి చుట్టరికం లేదు. బ్రెటన్‌లో ఆపిల్‌ని 'అవల్' అని, సిడర్‌ని 'సిస్త్ర్' అని అంటారు.

నేల చాలావరకు గ్రానైటు, పలకరాయి మీద ఏర్పడిన ఆమ్ల నేల. సముద్రం పక్కనే ఉంది కాబట్టి చలికాలం మరీ గడ్డకట్టదు, ఎండాకాలం మరీ మండదు. వాన మనలాగా నాలుగు నెలలు దంచికొట్టి ఆగిపోదు, ఏడాదంతా తుంపర్లుగా పడుతూనే ఉంటుంది. అలాంటి చోట ద్రాక్ష సరిగ్గా పండదు. అందుకే ఫ్రాన్స్ అంతా వైన్ దేశమైనా ఈ మూల ఆపిల్‌ది. గాలి ఒక్కటే సమస్య. దానికి వాళ్లు పొలాల గట్లనే గోడల్లా ఎత్తుగా పోసి, వాటి మీద ఓక్, చెస్ట్‌నట్ చెట్లు పెంచేవాళ్లు. గాలి ఆగేది, మట్టి కోసుకుపోయేది కాదు, వంటచెరుకు దొరికేది. మనం ఇప్పుడు శిక్షణల్లో గట్ల మీద చెట్లు పెంచండి అని చెప్పుకుంటున్నది వాళ్లకు తాతలనాటి అలవాటు.

ఈ ఊళ్లో ప్రతి జులైలో ఆపిల్ చెట్ల పండగ జరుగుతుంది. 1912లో మొదలైంది. ఆడవాళ్లు ఆ ఊరికే ప్రత్యేకమైన లేసు టోపీ, గంజి పెట్టి నిలబెట్టిన పెద్ద కాలర్ వేసుకుని ఊరేగుతారు. ఆ ఏటి రాణిని ఎన్నుకుంటారు. చెట్టు పేరు మీద పండగ చేసుకునే ఊరు కదా, అక్కడ చెట్లు ఎప్పుడూ బాగానే ఉండుంటాయి అనుకుంటాం. అక్కడే పొరపడతాం.

డబ్బిచ్చి నరికించారు

19వ శతాబ్దం రెండో సగంలో ఫ్రాన్స్ ద్రాక్ష తోటలను ఫిలోక్సెరా అనే వేరు పురుగు తినేసింది. వైన్ కరువైంది, సిడర్‌కి గిరాకీ పెరిగింది. 1863లో కెంపేర్ వరకు రైలు వచ్చేసింది కాబట్టి సరుకు బయటికి వెళ్లే దారి కూడా దొరికింది. ఆ రోజుల్లో ప్రతి చిన్న రైతుకీ ఇంటి వెనక నాలుగైనా ఆపిల్ చెట్లుండేవి. కూలీకి వచ్చినవాళ్లకు సిడర్ పోయడం మామూలు.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. తుపాకి మందు తయారీకి ఆల్కహాల్ కావాలి. ప్రభుత్వం ఆపిల్ నుంచి తీసిన ఆల్కహాల్‌ని కొనడం మొదలుపెట్టింది, యుద్ధం అయిపోయాక కూడా ఆ కొనుగోలు దశాబ్దాల పాటు సాగింది. రుచితో పని లేదు, టన్నులు కావాలి. ఏ కాయైనా ఒకటే ధర. రైతు అలవాటు పడిపోయాడు. అదే సమయంలో యుద్ధానికి వెళ్లిన బ్రెటన్ కుర్రాళ్లు కందకాల్లో రోజూ రేషన్‌గా వైన్ తాగి, తిరిగొచ్చాక దానికే అలవాటుపడ్డారని చెబుతారు.

1950ల మొదట్లో ప్రభుత్వం ఆ కొనుగోలుకు మంగళం పాడింది. ఆల్కహాల్ నిల్వలు ఎక్కువైపోయాయి, తాగుడు సమస్య పెరిగిందని గోల మొదలైంది. 1953లో సిడర్ ఆపిల్ చెట్లు పీకేస్తే డబ్బులిస్తామని పథకం పెట్టారు. చెట్టు నాటడానికి కాదండీ, పీకడానికి సబ్సిడీ! ఆ వెనకే భూముల ఏకీకరణ వచ్చింది. చిన్న చిన్న ముక్కలన్నీ కలిపి ట్రాక్టరు తిరిగేలా పెద్ద కమతాలు చేశారు. దాంతో ఆ గట్లూ పోయాయి, గట్ల నీడలో ఉన్న తోటలూ పోయాయి. మొక్కజొన్న, పాడి, పందులు, కోళ్లు పెరిగాయి. ఈ రోజు బ్రిటనీ ఫ్రాన్స్‌లో పందుల పెంపకానికి పెద్ద కేంద్రం. ఆ పేడనీళ్లలోని నత్రజని వాగుల్లోంచి సముద్రంలో కలిసి తీరం పొడవునా పచ్చటి నాచు కుప్పలుగా పడటం అక్కడ ఏళ్ల తరబడి నలుగుతున్న గొడవ. నత్రజని మాట గుర్తుంచుకోండి, మళ్లీ దానికే వస్తాను.

ఇది చాలదన్నట్టు 1987 అక్టోబరులో వచ్చిన పెనుతుపాను బ్రిటనీలో అడవులు, తోటలు అని చూడకుండా చెట్లను కూల్చేసింది.

మరి ఇప్పుడు రకాలు ఎలా మిగిలాయి? మొండిగా పది చెట్లు ఉంచుకున్నవాళ్ల వల్ల. ఇంట్లో తాగడానికని ఉంచుకున్నారు, పెద్ద ఆశయమేం కాదు. కెర్‌మెరియెన్, దూస్ మోయెన్, దూస్ కోయెత్లిన్యే, మరీ మెనార్ లాంటి రకాలన్నీ అలా పెరళ్లలో బతికినవే. ఒక రకం పేరైతే ఫ్రెంచిలో 'కుక్క తోలు'. కాయ పైన గరుకుగా ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టి ఉంటారు. మన వరిలో, మామిడిలో ఉన్న పేర్లు చూస్తే రైతు ఎక్కడైనా పేరు పెట్టే తీరు ఒకటే అనిపిస్తుంది.

తినడానికి పనికిరాని కాయ

సిడర్ ఆపిల్ తినే ఆపిల్ కాదు. కొరికితే నోరు పట్టేసినట్టవుతుంది, పచ్చి కరక్కాయ నమిలినట్టు వగరు. ఆ వగరంతా టానిన్. ఈ కాయల్ని తీపి, చేదు తీపి, చేదు, పులుపు అని గుంపులు చేస్తారు. ఒక్క రకంతో సిడర్ చేసేవాళ్లు తక్కువ. తీపి రకం ఆల్కహాల్‌కి, చేదు రకం ఒంటికి, పులుపు రకం చెడిపోకుండా కాపాడటానికి. ఎవరి పాళ్లు వాళ్లవి. మా అమ్మ ఉగాది పచ్చడి కలిపినట్టే, కొలత అడిగితే చెప్పలేరు.

కాయ అందంగా ఉండక్కర్లేదు కదా, అక్కడే సగం ఖర్చు మిగిలిపోతుంది. తినే ఆపిల్‌కి మచ్చ పడితే బజారులో ఎవరూ కొనరు, అందుకే సీజన్‌లో లెక్కలేనన్నిసార్లు మందు కొట్టాలి. గానుగలోకి వెళ్లే కాయకి చర్మం మీద నాలుగు మచ్చలుంటే రసానికి వచ్చే నష్టమేమీ లేదు. సేంద్రియ పద్ధతికి మారడం సిడర్ రైతుకి సులువైందంటే పెద్ద కారణం ఇదే. మన దగ్గర మామిడి తాండ్రకో, టమాటా పొడికో పండించేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. పంట ఎక్కడికి వెళ్తుందో ముందే తెలిస్తే ఏ పిచికారీ అవసరం లేదో కూడా తెలుస్తుంది.

పాత పద్ధతి తోటల్లో చెట్టుకి చెట్టుకి సుమారు పది మీటర్ల ఎడం. అంటే ఎకరానికి నలభై చెట్లు. మొదటి కొమ్మ మనిషి ఎత్తుకి పైనే మొదలవుతుంది, ఎందుకంటే కింద ఆవులు మేయాలి. నేల దున్నరు, గడ్డి వదిలేస్తారు. ఆవులు, గొర్రెలు ఆ గడ్డి తిని, పేడ అక్కడే వేస్తాయి. మేకల్ని మాత్రం తోలరు, బెరడు మిగలదు. కాపు సరిగ్గా అందుకోవడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. కానీ ఆ తర్వాత చెట్టు అరవై, ఎనభై ఏళ్లు ఉంటుంది. కొత్తగా వేసేవాళ్లు ఎకరానికి రెండు వందల యాభై దాకా పొట్టి చెట్లు పెడుతున్నారు, మూడు నాలుగేళ్లకే కాపు. రెండు పద్ధతులూ ఉన్నాయి. నన్నడిగితే పశువు ఉన్నవాడికి ఎత్తు చెట్టే మేలు, ఎందుకంటే ఒకే నేలలో పాలు, కాయ రెండూ వస్తాయి.

ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు ఖాళీగా నిలబడటం ఈ చెట్లకీ ఉంది. మన మామిడిలాగే.

కోత అని ఉండదు. సెప్టెంబరు చివర నుంచి డిసెంబరు దాకా రకాన్ని బట్టి కాయ తనంతట తనే రాలుతుంది, గడ్డిలోంచి ఏరుకుంటారు. గడ్డి పరుపులా ఉంటుంది కాబట్టి దెబ్బ తగలదు. ఏరడానికి చాలా ముందే పశువుల్ని తోట నుంచి తప్పించేస్తారు, పేడ కాయకు అంటకూడదని. ఏరిన కాయని వెంటనే ఆడించరు, కొన్నాళ్లు కుప్ప పోసి మాగబెడతారు. లోపలి పిండి చక్కెరగా మారాలి. బొటనవేలుతో నొక్కితే దిగాలి, అప్పుడే గానుగకి.

రసాన్ని ఆకలితో ఉంచడం

ఇక అసలు సంగతికొస్తున్నా. డిప్లొమాలో మాకు నేర్పిందేమిటి? ఆకు పాలిపోతే నత్రజని లోపం, ఎకరానికి ఇంత యూరియా వెయ్యి. ఆకు ముదురు పచ్చగా ఉంటే పంట బాగున్నట్టు. పరీక్షలో అలా రాస్తేనే మార్కులు. సిడర్ రైతు ఆలోచన దీనికి సరిగ్గా తలకిందులు. చెట్టుకి నత్రజని ఎక్కువైందంటే అతను తల పట్టుకుంటాడు.

ఎందుకో చూద్దాం. రసాన్ని పులియబెట్టేది ఈస్టు. దానికి చక్కెర ఒక్కటే చాలదు, పెరగడానికి నత్రజని కూడా కావాలి. మన తాటికల్లు చూడండి. పొద్దున దించినప్పుడు తీపి, మధ్యాహ్నానికే పులుపు. ఈస్టుకి మేత దండిగా ఉంది, వేడి కూడా ఉంది, ఇక ఆగుతుందా? ఆపిల్ రసం కూడా అలాగే గబగబా పులిస్తే చక్కెరంతా అయిపోయి, వాసన ఎగిరిపోయి, పుల్లటి నీళ్లలాంటిది మిగులుతుంది. సిడర్‌లో కొంత తీపి మిగలాలి, అదీ బయట నుంచి చక్కెర వేయకుండా, మరిగించకుండా మిగలాలి. అంటే ఈస్టు చచ్చిపోకూడదు, బలవకూడదు. సగం ఆకలితో నడవాలి.

దానికి మొదటి పని తోటలో. ఎరువు కుమ్మరించని పాత చెట్టు, కింద గడ్డితో పోటీ పడే వేరు, చిన్న కాయ. అలాంటి కాయ రసంలో నత్రజని సహజంగానే తక్కువ. యూరియా తిన్న చెట్టు కాయ పెద్దదవుతుంది, తూకం పెరుగుతుంది, రసం పలచబడుతుంది, పులుపు పరిగెడుతుంది. తూకానికి అమ్మేవాడికి అది లాభం, సీసాలో అమ్మేవాడికి నష్టం.

రెండో పని తొట్టిలో. కాయని నూరి, ఆ ముద్దని కొన్ని గంటలు అలాగే వదిలేసి, తర్వాత పిండుతారు. టన్ను కాయకి సుమారు 650 లీటర్ల రసం వస్తుంది. అప్పటికి చలి ముదురుతుంటుంది, అదే కావాలి. కాయలో పెక్టిన్ ఉంటుంది, మనం జామ జెల్లీ చేస్తే గట్టిపడేది దానివల్లే. కాయలోనే ఉండే ఒక ఎంజైము ఆ పెక్టిన్‌ని మారుస్తుంది, అది రసంలోని కాల్షియంతో కలిసి జెల్లీలా కడుతుంది. ఈలోపు పులియడం అప్పుడే మొదలై చిన్న బుడగలు లేస్తుంటాయి. ఆ బుడగలు జెల్లీని పట్టుకుని పైకి మోసుకొస్తాయి. కొన్ని రోజుల్లో తొట్టి మీద గోధుమరంగులో మందపాటి అట్ట కడుతుంది. ఫ్రెంచివాళ్లు దాన్ని 'గోధుమరంగు టోపీ' అంటారు. వీడియోలో చూపించింది అదే. కింద మడ్డి, పైన టోపీ, మధ్యలో గాజులాంటి తేట రసం. ఆ తేటని మాత్రం గొట్టంతో నెమ్మదిగా లాగేస్తారు.

ఇందులో గొప్పేమిటంటే ఆ టోపీ ఈస్టులో పెద్ద భాగాన్ని, రసంలోని నత్రజనిలో మంచి వంతునీ తనతో పట్టుకుపోతుంది. మిగిలిన రసం రోజుల్లో కాదు, నెలల తరబడి నెమ్మదిగా పులుస్తుంది. వడపోత యంత్రం లేదు, మందు లేదు. ఈ పద్ధతి పాతది, లెక్క తర్వాత కెమిస్ట్రీవాళ్లు చెప్పారు. ఇప్పుడు చాలామంది కాస్త కాల్షియం క్లోరైడ్, కొంచెం ఎంజైము వేసి టోపీ ఖాయంగా కట్టేలా చూసుకుంటున్నారు. అది తప్పని నేననను. ఏడాది శ్రమ ఒక్క తొట్టిలో ఉన్నప్పుడు ఎవరైనా భయపడతారు. వేడి ఎక్కువైన సంవత్సరం టోపీ కట్టకముందే పొంగు మొదలైతే ఆ తొట్టి రుచి పోయినట్టే. శరదృతువు వెచ్చబడే కొద్దీ ఈ భయం పెరిగేదే.

సీసాలో పోశాక కూడా లోపల మిగిలిన ఈస్టు కొంచెం పని చేస్తూనే ఉంటుంది, ఆ గ్యాసే నురగ. ఎక్కువ చక్కెర, ఎక్కువ ఈస్టుతో మూత వేస్తే సీసా పేలిపోతుంది. అందుకే మందపాటి గాజు, బిరడాకి తీగ కట్టు.

ఇదంతా మనకెందుకు అంటారా? అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్లని అడగండి. యూరియా ఎక్కువ పడిన చెరకు గడ నున్నగా, లావుగా కనిపిస్తుంది. పాకం దగ్గరకొచ్చేసరికి రంగు నల్లబడుతుంది, అచ్చు సరిగ్గా గట్టిపడదు, నిలవ ఉండదు. పెనం దగ్గర కూర్చున్న ముసలాయనకి ఇది ఎప్పుడో తెలుసు. సమస్య ఏమిటంటే చెరకుని టన్నుల్లో కొనేవాడు దీనికి పైసా తగ్గించడు, పైసా ఎక్కువ ఇవ్వడు. రుచికి ధర లేని చోట తక్కువ ఎరువు వేసేవాడు తెలివితక్కువవాడిలా కనిపిస్తాడు. తుపాకి మందు రోజుల్లో బ్రిటనీలో జరిగింది అదే.

పేరు కాదు, పేరు వెనక కాగితం

ధర విషయంలో మలుపు 1996లో వచ్చింది. కోర్నువాయ్ సిడర్‌కి ఏఓసీ అనే గుర్తింపు దక్కింది, ఫ్వెనాన్ ఆ పరిధిలోనే ఉంది. ఏఓసీ అంటే మన జీఐ లాంటిదే, కానీ షరతులు గట్టివి. ఫ్రాన్స్‌లో దీనికి 1935 నుంచి ప్రత్యేక సంస్థ ఉంది, ముందు వైన్లకు, తర్వాత వెన్నకు, చీజ్‌కు, సిడర్‌కు.

ఆ షరతుల్లో ముఖ్యమైనవి చెప్తా. కాయ ఆ ప్రాంతంలోనే పండాలి. ఒప్పుకున్న జాబితాలోని రకాలే వాడాలి. చక్కెర కలపకూడదు, గ్యాస్ ఎక్కించకూడదు, మరిగించి క్రిముల్ని చంపకూడదు. నురగ సీసాలోనే పుట్టాలి. చివరికి సరుకుని రుచి చూసి ఒప్పుకోవాలి. మామూలు ఫ్యాక్టరీ సిడర్‌లో గాఢ రసాన్ని నీళ్లతో కలిపి కొంత వాడుకోవచ్చని అక్కడి చట్టమే ఒప్పుకుంటుంది, ఇక్కడ కుదరదు. అంటే పేరు వాడుకోవాలంటే రైతు తన చేతులు తానే కట్టుకోవాలి. కొనేవాడు డబ్బు ఎక్కువ ఇచ్చేది ఆ కట్టుబాటుకే.

లెక్క ఇలా ఉంటుంది. సిడర్ కాయని ఫ్యాక్టరీకి టన్నుల్లో అమ్మితే కిలోకి పది, ఇరవై సెంట్ల స్థాయిలో వస్తుంది. ముప్పావు లీటరు సీసాకి కావాల్సింది కిలోకి కొంచెం ఎక్కువ కాయ. అదే సీసా రైతు ఇంటి గుమ్మంలో నాలుగు యూరోలకు అటూఇటూ పోతుంది. మధ్యలో గాజు, బిరడా, పన్ను, నెలల కొద్దీ కాపలా, చెడిపోయే భయం అన్నీ ఉన్నాయి, అదంతా లాభమని అనుకోకండి. కానీ ఎకరానికి నలభై చెట్లతో ఒక కుటుంబం నిలబడాలంటే మొదటి లెక్కతో కుదరదు, రెండో లెక్కతో కొంత ఆశ ఉంది. మిగిలిన సిడర్‌ని బట్టీ పెట్టి లాంబిగ్ అనే ఘాటు మద్యం తీస్తారు. దాన్ని తాజా రసంతో కలిపి పోమో చేస్తారు, దానికీ 1997లో ఏఓసీ వచ్చింది. పిప్పి పశువులకు.

మనకూ పేర్లున్నాయి. బంగినపల్లి మామిడికి 2017లో, అరకు కాఫీకి 2019లో, తాండూరు కందికి 2022లో జీఐ వచ్చింది. పేపర్లో ఫోటో వేసుకున్నాం, సంతోషం. నా బాధల్లా ఒకటే. ఆ జీఐ దరఖాస్తులో పంట ఎలా పండించాలని రాశారో చదివిన రైతుని నేను ఇంతవరకు కలవలేదు. బంగినపల్లి పేరుతో రోడ్డు పక్కన ఏ కాయైనా అమ్ముడుపోతుంది, రుచి చూసి కాదనేవాడు లేడు. మీలో ఎవరైనా ఎఫ్‌పీఓలో డైరెక్టర్లుగా ఉంటే ఒక పని చేయండి. మీ పంటకు జీఐ ఉంటే ఆ కాగితాలు జీఐ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. దింపుకుని, తెలుగులో రెండు పేజీలకు కుదించి, సభ్యుల మీటింగులో చదవండి. నత్రజని గురించి అందులో ఏమీ లేకపోతే, మీ సంఘం తీర్మానంలో మీరే రాసుకోవచ్చు.

ఫ్వెనాన్‌కి ఇప్పుడున్న పోటీ మొక్కజొన్న కాదు, టూరిస్టులు. ఊరి తీరంలో బేగ్‌మేయ్ లాంటి బీచ్‌లున్నాయి, వేసవిలో జనం నిండిపోతారు, సముద్రం దగ్గర నేల ఇళ్ల స్థలంగా ఎక్కువ పలుకుతుంది. అదే టూరిస్టు సీసా కొనేవాడు కూడా. ఈ ముడి ఎలా విడుతుందో ఆ ఊరివాళ్లే చూసుకోవాలి.

ఫ్రాన్స్‌లో చదువుకుంటున్న మన పిల్లలు ఈ పేజీ చదువుతుంటారని తెలుసు, వాళ్ల కోసం చివరగా. పారిస్ నుంచి కెంపేర్‌కి టీజీవీలో మూడున్నర నుంచి నాలుగు గంటలు, అక్కడి నుంచి ఫ్వెనాన్‌కి బస్సు, ఆ ఊరికి రైలు లేదు. పండగ చూడాలంటే జులైలో వెళ్లండి. తోట, గానుగ చూడాలంటే మాత్రం అక్టోబరు, నవంబరుల్లోనే, బూట్లు వేసుకుని. గడ్డి తడిగా ఉంటుంది. తొట్టి మీద టోపీ కట్టి కనిపిస్తే ఫోన్‌ని అడ్డంగా పెట్టి తీసి నాకు పంపండి, నిలువుగా తీసినవి మన వీడియోలో సరిగ్గా పట్టట్లేదు.